మూడో ఊపిరి

ఆమె ఉద్యోగం ఏమిటో ముందే చెప్పేస్తాను. మధ్యలో చెబితే మీరు నవ్వుతారు, ఆ నవ్వులో అసలు సంగతి కొట్టుకుపోతుంది. ఆమె మగవాళ్ల చంకలు వాసన చూసేది. పూటకి ఇరవై మందివి, కుడీ ఎడమా కలిపి నలభై. ఒక సబ్బుల కంపెనీలో, నెల జీతం మీద, మెడలో గుర్తింపు కార్డుతో, పదకొండేళ్లుగా అదే పని.

నేను కుదురుగా ఒకచోట ఉన్నవాణ్ణి కాదు. తాళ్లు పేనే కర్మాగారంలో పనిచేశాను, రేవులో బస్తాల మీద ముద్రలు వేశాను, ఒక పిచ్చాసుపత్రి లైబ్రరీలో రెండేళ్లు పుస్తకాలు సర్దాను. (అక్కడ తీసుకున్న పుస్తకం ప్రతివాడూ తిరిగి ఇచ్చేవాడు. బయటి లైబ్రరీల్లో అంత బుద్ధిమంతుల్ని నేను చూడలేదు.) మనిషి చంకకి మార్కులు వేసే ఉద్యోగం ఒకటి ఉంటుందని మాత్రం అరవై మూడో ఏట, ఆ ఊరి బస్టాండు గోడ మీద అతికించిన ఒక కాగితం చూసేదాకా తెలియదు. చంకల్లో రాసుకునే కొత్త మందొకటి తయారుచేశారట. అది పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇరవై మంది మగవాళ్లు కావాలట. మూడు వారాలు, రోజూ పొద్దున గంటన్నర ఊరికే కూర్చుంటే చాలు. ఊరికే కూర్చోవడంలో నాకున్న అనుభవం ఆ ఊళ్లో ఇంకెవరికీ ఉండదనిపించి వెళ్లాను. వయసు ఎక్కువన్నారు. మర్నాడు ఎవడో రాకపోతే మళ్లీ పిలిచి, మూడో నంబరు రేకుబిళ్ల చేతిలో పెట్టారు.

ముందు పది రోజులు ఏ వాసనా లేని తెల్ల సబ్బుతోనే స్నానం. అత్తరు, పౌడరు, తలనూనె అన్నీ బంద్. ఉల్లిపాయ కూడా ముట్టకూడదు. పదకొండో రోజు నుంచి అసలు పని. మమ్మల్ని ఇరవై నిమిషాలు వేడి గదిలో కూర్చోబెట్టి చెమట పట్టించేవారు. చొక్కాలు లేకుండా, భుజాల మీద తువ్వాళ్లతో, ఇరవై మంది పెద్దమనుషులం దండెం మీద బట్టల్లా వరసగా కూర్చునేవాళ్లం. తర్వాత పక్కనున్న పొడుగాటి గదిలోకి. అక్కడ గది మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి బూడిదరంగు తెర. తెర వెంబడి స్టూళ్లు, ప్రతి స్టూలు దగ్గరా తెరలో పుస్తకమంత కంత. మేము పక్కకి తిరిగి చెయ్యెత్తితే ఆ కంతలోంచి చంక ఒక్కటే అవతలికి కనిపిస్తుంది. ఒక చంకకి మందు రాసేవాళ్లు, రెండోది ఖాళీ.

తెరకి అవతల ఆమె. మా ముఖాలు ఆమె చూడకూడదు, ఆమె ముఖం మేము చూడకూడదు, ఇరుపక్కలా మాట వినపడకూడదు. ముక్కూ మొహం తెలియనివాళ్లంటాం చూశారా, మేము ఒకరికొకరం సరిగ్గా సగం అంతే. ఆమె చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చేది. కాగితం గరాటా ఒకటి కంతలో ఆనేది. రెండు ఊపిర్లు, కొలిచినట్టు. పెన్సిలు గీకిన చప్పుడు. తర్వాత ఇంకొక చిన్న ఊపిరి, అది మాది కాదు. మనిషికీ మనిషికీ మధ్య తన మోచేతి మడత తనే వాసన చూసుకుంటుందని తర్వాత తెలిసింది. పలక తుడిచినట్టు ముక్కు తుడుచుకోవడం అన్నమాట. మావాళ్లు ఆమెకి రెండూపిర్ల మేడమ్ అని పేరు పెట్టేశారు.

పేరు పెట్టింది తొమ్మిదో నంబరు. లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. నలభై ఏళ్లవాడు, పెళ్లి కాలేదు, నోరు మూతపడదు. వేడి గదిలో మాకు చెమట పట్టించింది ఆ హీటరా, అతని కబుర్లా అని నాకు అనుమానం. పద్నాలుగో నంబరు అతనికి పూర్తిగా తిరగేసిన మనిషి. స్కూలు బస్సు డ్రైవరు. పిల్లల అరుపుల మధ్య బతుకుతాడు కాబట్టి కాబోలు, మాటలు దాచుకుని దాచుకుని వాడేవాడు.

నాలుగో రోజున లిఫ్టు మేస్త్రీయే కనిపెట్టాడు.

"విన్నారా తాతా? అందరి దగ్గరా రెండే. పద్నాలుగు దగ్గర మూడు!"

"మూడేంటి?"

"ఊపిర్లు తాతా, ఊపిర్లు. మేడమ్ మూడోది కూడా తీసుకుంది. కుడి చంక. మందు రాయనిది."

మర్నాడు అందరం చెవులు రిక్కించాం. మూడు. ఆ మర్నాడూ మూడే. రెండో వారానికి వేడి గదిలో అది తప్ప వేరే మాట లేదు. "ఇవాళ నాలుగు గనక పడితే అందరికీ టీ నాది," అని లిఫ్టు మేస్త్రీ పందెం కాసేవాడు. బస్సు డ్రైవరు చెవులు ఎర్రబడేవి. "నాకు ముగ్గురు ఆడపిల్లలయ్యా. మీకు పుణ్యముంటుంది, నోళ్లు మూసుకోండి," అనేవాడు. అది అతను మూడు వారాల్లో మాట్లాడిన మాటల్లో పొడుగైనది.

తెర అవతలి సంగతి నాకు తర్వాత ఆమె చెబితే తెలిసింది. ఆమె పుస్తకంలో ప్రతి నంబరుకీ రెండు గడులు. ఒకదాంట్లో అంకె, సున్నా నుంచి పది దాకా, వాసన ఎంత గట్టిగా ఉందన్నదానికి. నచ్చిందా లేదా అన్నదానికి కాదు. ఆ తేడా పాటించలేని ముక్కుని ఆ కంపెనీ వారంలో ఇంటికి పంపేస్తుంది. రెండో గడి చిన్నది, అది ఎలాంటి వాసనో ఒక మాటలో రాయడానికి. నాకు 'మడత విప్పని కంబళి' అని రాసింది. లిఫ్టు మేస్త్రీకి 'తడిసి ఆరిన గొడుగు'. ఇంకొకాయనకి 'ఇనప తాళం', ఇంకొకాయనకి 'నిన్నటి పేపరు'. పద్నాలుగుకి మూడు వారాలూ ఖాళీ. పై అధికారి అడిగితే, "మాట దొరకడం లేదు సార్," అందట. "పదకొండేళ్లలో నీకు దొరకని మాట ఉందామ్మా?" అన్నాడట ఆయన.

ఆమెది తప్పు కాదు. నాలుకకి ఆరు రుచులున్నాయి, ఆరింటికీ పేర్లున్నాయి. తీపంటే తీపే, అది ఎవరి సొంతమూ కాదు. కంటికైతే ఉన్న రంగులు చాలక చిలకపచ్చ, వంగపండు అని కొత్తవి కల్పించుకుంటూ పోయాం. ముక్కు దగ్గరికొచ్చేసరికి మన దగ్గర ఏముంది? మంచి వాసన, పాడు వాసన. ఇంకా చెప్పమంటే అది దేని వాసనో చెప్పాలి: మల్లెదా, కిరసనాయిలుదా, తడిమట్టిదా. అన్నీ అరువు తెచ్చుకున్న పేర్లే. మనుషుల్ని దగ్గరికి లాగేదీ దూరంగా నెట్టేదీ ఈ పేర్లేమీ లేని పేద ముక్కేనని చాలామంది రాశారు, చదివాను. మగవాళ్లు రెండు రాత్రులు తొడుక్కున్న బనియన్లు ఆడవాళ్ల చేత వాసన చూపించి, ఎవరివి ఎవరికి నచ్చాయో, వాళ్ల ఒంట్లో రోగాలతో పోరాడే గుణాలు ఎలా కలిశాయో లెక్కలు తీసినవాళ్లున్నారు. ఆ లెక్క అందరికీ వర్తించదని మళ్లీ చేసి చూసి చెప్పినవాళ్లూ ఉన్నారు. కొన్ని రెక్కల పురుగుల్లో మగది ఆడదాని వాసన గాలిలో పట్టుకుని ఎంతో దూరం ఎగిరి వస్తుందట. దానికి సందేహం ఉండదు. సందేహమంతా మన వాటాకి వచ్చింది.

ఆమె వాటాకి ఇంకాస్త ఎక్కువ వచ్చింది. ముప్పై ఐదేళ్లు. అన్నయ్య, వదినలతో ఉంటుంది. అన్నయ్య రైల్లో గార్డు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో పాలు విరిగేదీ, వైరు కాలేదీ, పక్కింటి పిల్లాడికి జ్వరం వచ్చేదీ అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. పెళ్లీడు వచ్చాక అదే ముక్కు మెడకి చుట్టుకుంది. మూడు సంబంధాలు వచ్చాయి, మూడూ మంచివే. పది నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు, లోపల ఏదో తలుపు వేసుకునేది.

"అబ్బాయికేం తక్కువే?" అనేది వదిన.

"ఏం తక్కువ లేదు వదినా."

"మరి?"

ఏం చెబుతుంది? ఉద్యోగంలో రెండో గడి నింపినంత తేలిక కాదు కదా. మూడో సంబంధం వెనక్కి వెళ్లిన రోజున అన్నయ్య భోజనం మధ్యలో లేచిపోయాడట. ఇంక ఎవర్నీ తీసుకురాను అని వదినతో చెప్పాడట. ఆమె కూడా, సరే, నా ముక్కుకి వద్దు అనడం తప్ప ఇంకో మాట రాదు, అని తీర్మానించుకుంది. అలాంటి ముక్కు ముప్పై ఐదో ఏట, బూడిదరంగు తెర దగ్గర, మొదటిసారి ఔను అంది. ఎవరికన్నదో ఆమెకి తెలియదు. పద్నాలుగు అన్న అంకె తప్ప.

ఆఖరి రోజున కంపెనీవాళ్లు అందరికీ తలా ఒక అట్టపెట్టె ఇచ్చారు. అందులో వాళ్ల సబ్బులూ, పౌడరూ, చంకమందూ. నెల రోజులుగా తెల్ల సబ్బుతో విసిగిపోయిన ఇరవై మందీ అక్కడి బాత్రూముల్లోనే ఒళ్లు తోముకున్నారు. పావుగంటలో ఇరవై మంది కాస్తా ఒకే మనిషై బయటికొచ్చారు, నిమ్మకాయ వాసనతో.

గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. అటూ ఇటూ అడుగేస్తుంటే ఆ చెప్పుల చప్పుడు మాకు తెలిసినదే. పదకొండేళ్లలో మొదటిసారి నియమం తప్పింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రోజూ ముక్కు ముందున్న మనిషిని గేట్లో వెతుక్కుంటోంది. ఒక్కొక్కరూ దాటిపోతుంటే ఆమె ముక్కుపుటాలు కదలడం నాకు కనిపించింది. నిమ్మకాయ. నిమ్మకాయ. మళ్లీ నిమ్మకాయ. ఆ నిమ్మకాయని మూడేళ్ల కిందట పాసు చేసింది కూడా ఆమేనట.

"ఏంటి మేడమ్, గేటు దగ్గర కూడా మార్కులా?" అన్నాడు లిఫ్టు మేస్త్రీ.

ఆమె ఉలిక్కిపడింది. కానీ నవ్వింది. అతనితో మాట్లాడి నవ్వకుండా ఉండటం కష్టం. తర్వాత, పట్టుబడ్డ దొంగలా గొంతు తగ్గించి అడిగింది. "మీ నంబరెంత?"

అతను నా వైపు ఒకసారి చూసి కన్ను గీటాడు.

"పద్నాలుగు."

అసలు పద్నాలుగు అప్పటికే వెళ్లిపోయాడు. ఒంటిపూట బడి, స్కూలు వదిలే వేళ.

అక్కడితో అయిపోయే హాస్యమే అది. అయిపోలేదు. మర్నాడు వాళ్లిద్దరూ టీకొట్టు దగ్గర కనిపించారు. వారం తర్వాత పార్కులో. నేను ఆ ఊరు వదిలి వెళ్లాలనుకుంటూనే ఒక గడియారాల దుకాణం పైన గది తీసుకుని ఉండిపోయాను. నాకు వాళ్లిద్దరూ వేరువేరుగా వచ్చి కబుర్లు చెప్పేవారు, అదే చిక్కు.

"ఎందుకన్నావురా ఆ మాట?" అని అతన్ని నిలదీశాను.

"ఒక్క నవ్వు కోసం తాతా. సరదాగా ఎక్కాను. ఇప్పుడు దిగుదామంటే అంతస్తు రావట్లేదు."

"చెప్పెయ్యరాదూ?"

"ఏం చెప్పను? మీరు మూడు ఊపిర్లు తీసుకున్నది నా దగ్గర కాదమ్మా అని చెప్పాలా? ఆమె నాతో తిరుగుతున్నది ఎందుకో నాకు తెలీదా!"

నేను చెప్పొచ్చు కదా అని మీరు అనొచ్చు. మొదటి రోజు చెబితే అది హాస్యం. పదో రోజు చెబితే చాడీ. రెండు నెలల తర్వాత చెబితే కొంప కూల్చడం. సరైన రోజు ఎప్పుడో మధ్యలో వచ్చి వెళ్లిపోయింది, నేను చూడలేదు.

ఆమె బాధ వేరు. "బాబాయిగారూ, అతను సబ్బు మానడు," అంది ఒకరోజు మా గది మెట్ల మీద కూర్చుని. "పూటకోసారి స్నానం. పైన పౌడరు. దానిపైన మా కంపెనీదే చంకమందు. పక్కన కూర్చుంటే మా ల్యాబులో కూర్చున్నట్టే ఉంటుంది. సబ్బు కాస్త తగ్గించండి అంటే, లిఫ్టు గ్రీజు మేడమ్, ఒళ్లంతా జిడ్డు మేడమ్ అంటాడు."

"మాటలు బాగుంటాయా?"

"చాలా! మొన్న రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న మొగుడూ పెళ్లాల సంగతి చెప్పాడు. తలుపు తీసేసరికి దెబ్బలాట మధ్యలో ఉందిట. ఇంకో పావుగంట ఆగి తియ్యండి, ఇప్పుడే దారికొస్తున్నాడు అందిట ఆవిడ." గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. నవ్వు ఆగాక ముఖం ముడుచుకుంది. "ఆ సబ్బు కింద ఏ వాసన ఉందో నాకు తెలుసు కదా బాబాయిగారూ. అది తెలుసు కాబట్టే మాటలు బాగుంటున్నాయా? లేకపోతే బాగుంటాయి కాబట్టి బాగుంటున్నాయా? నాకు అర్థం కావడం లేదు."

నేను చెప్పుల్లోకి చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ నెలలోనే అతను పెళ్లి మాట ఎత్తాడు. పది రోజులు సబ్బు లేకుండా ఉండి, ఆదివారం మా ఇంటికి రండి, అప్పుడు చెబుతాను, అంది. మూడు సంబంధాలు ముక్కుతో వద్దన్నదాన్ని, దీనికి ముక్కుతోనే ఔననాలి, లేకపోతే ఆ ముగ్గురికీ అన్యాయం చేసినట్టే, అందట. ఆ న్యాయం ఎలాంటిదో నాకు ఇప్పటికీ బోధపడదు గానీ, ఆమెకి అది ప్రాణంతో సమానం.

శనివారం సాయంత్రం లిఫ్టు మేస్త్రీ మా గదికి పరుగెత్తుకొచ్చాడు. "తాతా, మునిగాను."

"నిజం చెప్పు."

"చెబుతాను. ముందు బస్సన్న ఇంటికి ఒకసారి రా."

ఎందుకని అడిగితే దారిలో చెప్పాడు. విని నడిరోడ్డు మీద నిలబడిపోయాను. చిత్రమేమిటంటే, నిలబడిపోయి, తర్వాత వెళ్లాను కూడా.

బస్సు డ్రైవరు ఇంట్లో లేడు. వాళ్లావిడ గుమ్మంలో బకెట్టు పక్కన బట్టలు ఉతుకుతోంది.

"అక్కా, అన్న బనియనొకటి కావాలి," అన్నాడు వీడు.

"ఎవరికైనా ఇవ్వడానికా? ఉండు నాయనా, ఉతికినవి లోపలున్నాయి."

"ఉతకనిది కావాలక్కా."

ఆవిడ చేతులాగిపోయాయి. నన్ను చూసింది. తెల్లజుట్టు చూసి కాస్త ధైర్యం తెచ్చుకున్నట్టుంది. "ఏంటయ్యా పెద్దాయనా, ఇతనికి ఒంట్లో బాగుందా?"

వీడు ఉన్నదంతా చెప్పేశాడు. మూడో ఊపిరి దగ్గర్నుంచి. ఆవిడ మొదట పగలబడి నవ్వింది. "మా ఆయన చంకా! పదమూడేళ్లుగా ఉతుకుతున్నా, సబ్బు అరగడం తప్ప ఇంకేం కనబడలేదు నాకు!" అంటూ కుప్పలోంచి ఒక బనియను పైకి లాగి, నవ్వుతూనే ముక్కు దగ్గర పెట్టుకుంది. నవ్వు ఆగింది. మళ్లీ చూసింది. తర్వాత బనియన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఇవ్వను," అంది. "వెళ్లండి."

సందు చివర బస్సు డ్రైవరే ఎదురొచ్చాడు. సంగతి విన్నాడు. చెట్టు చాటుకి వెళ్లి ఒంటి మీది బనియను విప్పి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "మళ్లీ తేనక్కర్లేదు," అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. అతని ముఖంలో ఉన్నది సిగ్గో గర్వమో నేను తేల్చుకోలేకపోయాను.

ఆదివారం పొద్దున లిఫ్టు మేస్త్రీ తరఫు పెద్దమనిషిగా నేను వెళ్లాను. మొదటి అంతస్తులో రెండు గదుల ఇల్లు, గచ్చు ఇంకా తడిగా ఉంది. నాలుగు కుర్చీలూ ఒక స్టూలూ. వదిన ఎదురొచ్చింది, నడుముకి కొంగు బిగించి.

"రండి. మా ఆడపడుచుకి వరుణ్ణి చూడటం రాదు, పీల్చడమే వచ్చు. ఏం చేస్తాం," అంది.

ఆమె నవ్వలేదు. చేతులు ఉత్త నీళ్లతో కడుక్కుని వచ్చింది. గరాటా లేదు, తెర లేదు. అతను స్టూలు మీద కూర్చుని, మూడు వారాల అలవాటు కొద్దీ, ఎవరూ అడక్కుండానే పక్కకి తిరిగి చెయ్యెత్తాడు. చొక్కా మీదుగానే ఆమె వంగింది.

ఆ క్షణం నేను ఆమె ముఖం చూశాను. పొరుగూరి స్టేషన్లో పోయిందనుకున్న పెట్టె దొరికిన మనిషి ముఖం అలా ఉంటుంది. కళ్లు మూసుకుంది. "అదే," అంది, తనలో తను. మళ్లీ పీల్చింది. "అదే."

నెగ్గాడు వెధవ, అనుకున్నాను. సంతోషించాలో, లేచి నిజం అరవాలో తెలియక కుర్చీ చేతులు పట్టుకున్నాను.

ఇంతలో ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి. కొంచెం వెనక్కి జరిగి, మోచేతి మడత వాసన చూసుకుని, మళ్లీ వంగింది.

"ఇద్దరున్నారు," అంది.

"ఎక్కడే?" వదిన చుట్టూ చూసింది. "వచ్చింది ఒక్కడే కదా. రెండోవాడు ఈ తాతగారు."

"కాదు వదినా. ఇతనిలో. పైన ఒకరు, కింద ఒకరు. పైవాడు చల్లగా ఉన్నాడు. కిందవాడికి భయంతో చెమట్లు పోస్తున్నాయి."

లిఫ్టు మేస్త్రీ పెదవులు తడుపుకున్నాడు. "నాది తొమ్మిది," అన్నాడు. "బనియను పద్నాలుగుది."

అతను మిగతాదంతా చెప్పాడు. ఒక్క హాస్యం కూడా వెయ్యకుండా అతను మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. ఆమె కుర్చీలో కూలబడింది.

"అయితే ఇన్నాళ్లూ నేను నవ్వింది ఎవరితో?"

"నాతోనే."

"పద్నాలుగుతో అనుకుని కదా నవ్వాను!"

"అనుకున్నారు. కానీ వాసనేది? సబ్బు వాసన తప్ప నేనేదీ రానివ్వలేదు కదా. పద్నాలుగు ఒక్క రోజైనా మీ పక్కన కూర్చున్నాడా? ఆ మొగుడూ పెళ్లాల జోకు చెప్పింది అతనా?"

"అంటే అబద్ధం చెప్పి మంచిపని చేశానంటారా?"

"లేదండీ. తప్పే. అది కాదు నేననేది..." నాకేసి చూశాడు. నేను పైకప్పుకేసి చూశాను.

అప్పుడు వదిన అందుకుంది. "నేనొకటి చెప్పనా? మీ అన్నయ్యని చూసినప్పుడు నాకు జలుబు. పెళ్లినాడూ జలుబే. అది పూర్తిగా తగ్గేసరికి కాపురం కుదురుకుంది. ఏ వాసనొచ్చాడో ఇప్పటికీ నన్నడగకు, ఇంటి వాసనే అనుకుంటాను. నీకేమో అన్నీ ముందే తెలియాలి!"

"నీకు జలుబు వదినా. నాకు లేదు. నేనేం చెయ్యను?" తర్వాత అతని వైపు తిరిగింది. "ఆ బనియను తీసేసి రండి. మీది ఏదో అదే చూస్తాను. తెరలోంచి చూసి రాసింది వేరు, ఇది వేరు. చూశాక ఔనంటానో వద్దంటానో నాకు తెలీదు. ఇప్పుడే వెళ్లిపోతానన్నా నేనేమీ అనను."

అతను వెళ్లలేదు. లోపలి గదిలోకి పోయి బనియను తీసేసి, చొక్కా ఒక్కటీ వేసుకుని వచ్చి, కాగితప్పొట్లం నా ఒళ్లో పెట్టాడు. స్టూలు మీద కూర్చుని చెయ్యెత్తాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, సూది వేయించుకునే పిల్లాడిలా.

ఆమె ఎంతసేపు చూసిందో నేను లెక్కపెట్టలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయట గాలి పీల్చుకుని మళ్లీ వచ్చింది. ఇంకోసారి చూసింది. మొహంలో తలుపు వేసుకున్న గుర్తు లేదు, తెరుచుకున్న గుర్తూ లేదు. పరీక్ష కాగితంలో తను చదవని ప్రశ్న వచ్చినట్టు ఉంది.

"నచ్చలేదు," అంది.

అతను తల ఊపాడు. లేవబోయాడు.

"ఎక్కడికి?"

"నచ్చలేదన్నారు కదా. వెళ్తాను."

"వెళ్లమన్నానా?"

"ఉండమంటారా?"

"అదీ అనలేదు. కాసేపు మాట్లాడకండి. మీరు మాట్లాడితే నాకు నవ్వొస్తుంది, అప్పుడు ఇంకా అర్థం కాదు."

అతను మళ్లీ కూర్చున్నాడు. కంగారులో మళ్లీ చెయ్యెత్తాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఆ గదిలో అటూ ఇటూ నాలుగు సార్లు నడిచింది. ఆ నడకలో ఆ ముగ్గురు పాత పెళ్లికొడుకులకీ సమాధానం చెప్పుకుంటోందని నాకనిపించింది. చివరికి గోడకి ఆనుకుని నిలబడి, నేల చూస్తూ అంది.

"అన్నయ్య బుధవారం డ్యూటీ దిగుతాడు. సాయంత్రం ఇంట్లోనే ఉంటాడు. అప్పుడు రండి, ఆయనతో మాట్లాడండి."

వదిన నోట్లోంచి కొంగు జారిపోయింది. "నచ్చలేదన్నావు కదే!"

"నచ్చలేదు వదినా."

"మరి?"

"మరి ఏంటో నాకూ తెలీదు. రావద్దు అనడానికి నోరు రావట్లేదు. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ కాలేదు." కళ్లు తుడుచుకుని అతని వైపు వేలు చూపించింది. "ఇంకో అబద్ధం చెబితే మాత్రం నేను వాసన చూడక్కర్లేదు, మా అన్నయ్యే చూసుకుంటాడు."

లిఫ్టు మేస్త్రీ లేచాడు. గుమ్మం దాకా వెళ్లాడు. చెప్పుల్లో ఒక కాలు పెట్టి, రెండోది పెట్టకుండా వెనక్కి తిరిగాడు.

"బుధవారం సబ్బు రాసుకుని రమ్మంటారా, వద్దంటారా?"

ఆమె నోరు తెరిచింది. వదినకేసి చూసింది, నాకేసి చూసింది, కిటికీకేసి చూసింది. నేను పొట్లం పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాను. వీధిలోకి వచ్చేసరికి కూడా పైనుంచి జవాబు వినపడలేదు.